సీసా కొనే ముందు ఇంజన్ హెడ్ సంగతి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

పాత కార్లు, స్కూటర్లు మళ్లీ రోడ్డెక్కుతున్నాయని మీ ఆదివారం సంచికలో రాశారు. చదివి సంతోషపడ్డాను. లెడ్ లేని పెట్రోలు పాత ఇంజన్లకు పడదని, అందుకే ప్రతి ట్యాంకుకీ లెడ్ సబ్‌స్టిట్యూట్ (లెడ్ బదులు పెట్రోల్లో పోసే సీసా మందు) కలుపుతున్నానని అందులో ఒక యజమాని చెప్పినట్టు ఉంది. ఆ మాట కొన్ని ఇంజన్ల విషయంలో నిజమే. మన ఊళ్లలో తిరిగే పాత బళ్లలో చాలా వాటికి మాత్రం వర్తించదు. మీ పత్రికలో వచ్చింది కాబట్టి నలుగురూ నమ్ముతారు, అందుకే ఈ ఉత్తరం.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో నాది హెడ్ పని చేసే షాపు. హెడ్ అంటే ఇంజన్ సిలిండర్ల మీద బిగించే మూత. పెట్రోలు లోపలికి రావడానికి, పొగ బయటికి పోవడానికి తెరుచుకుని మూసుకునే వాల్వులు అందులో ఉంటాయి. వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనుకునే చోటే సీటు. వాల్వ్ సీట్లు కోయడం, గైడ్లు మార్చడం, సీటు రింగులు దించడం ముప్పై ఏళ్లకు పైగా నా పని. ఈమధ్య హెడ్‌తో పాటు ఈ లెడ్ సబ్‌స్టిట్యూట్ సీసాలు కూడా సంచిలో పెట్టుకుని తెస్తున్నారు. మందు పోస్తూనే ఉన్నాను కదా, ఇంజన్ ఎందుకు దెబ్బతిందని అడుగుతున్నారు. వాళ్లకు నా బల్ల దగ్గర చెప్పే జవాబే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

లెడ్ అంటే సీసం. పెట్రోల్లో దాన్ని కలపడం అమెరికాలో మొదలైంది. 1921 డిసెంబరులో జనరల్ మోటార్స్ ప్రయోగశాలలో పనిచేసే థామస్ మిడ్‌గ్లీ, టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసం రసాయనం కాస్త కలిపితే ఇంజన్‌లో నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజన్ టకటక కొట్టుకోవడం) ఆగిపోతుందని కనిపెట్టాడు. 1923లో ఆ పెట్రోలు బంకుల్లోకి వచ్చింది. వాళ్లకు కావలసింది నాకింగ్ ఆగడమే. వాల్వ్ సీటుకు జరిగిన మేలు దాంతోపాటు కలిసొచ్చింది. పెట్రోలు మండినప్పుడు సీసం లవణాలు పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు మీద, అది కూర్చునే సీటు మీద పల్చటి పూతలా పేరుకునేవి. వాల్వ్ సీటు మీద పడిన ప్రతిసారీ ఆ పూత మధ్యలో అడ్డుండేది. ఆ రోజుల్లో హెడ్ దించితే ఎగ్జాస్ట్ వాల్వులు లేత బూడిద రంగులో ఉండేవి. ఇప్పుడు దించితే నల్లటి మసి.

పూత లేకపోతే జరిగేది ఇది. బండి హైవే మీద గంటల తరబడి స్పీడుగా పోతున్నప్పుడు ఎగ్జాస్ట్ వాల్వ్ ఎర్రగా కాలుతుంది. మెత్తటి పోత ఇనుము సీటు మీద అది పడినప్పుడల్లా కంటికి కనపడనంత చిన్న చిన్న చోట్ల అతుక్కుని, లేచేటప్పుడు ఆ ముక్కను పీక్కుపోతుంది. అలా ఊడిన రేణువులు మళ్లీ సీటునే రాస్తాయి. సీటు అరిగేకొద్దీ వాల్వ్ హెడ్‌లోకి దిగిపోతుంది. వాల్వ్ దిగిన మేరకు టాపెట్ గ్యాప్ (వాల్వ్‌కూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉంచే సన్నటి సందు) తగ్గుతుంది. చివరికి గ్యాప్ మొత్తం పోయి వాల్వ్ పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ పోతుంది, మిస్సింగ్ మొదలవుతుంది, వాల్వ్ అంచు కాలిపోతుంది.

అంటే సీసం రెండు పనులు చేసేది. మొదటి పనిని రిఫైనరీలు వేరే పద్ధతుల్లో తమ చేతుల్లోకి తీసుకున్నాయి. పెట్రోలు నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత ఆక్టేన్. ఒకప్పుడు మన బంకుల్లో మామూలు పెట్రోలు 87 ఆక్టేన్‌ది. ఇప్పుడు మామూలు పెట్రోలే 91కి తగ్గదు. కాబట్టి పాత అంబాసిడర్‌కు ఆక్టేన్ చాలదన్న మాట సరికాదు. తక్కువ కంప్రెషన్ ఇంజన్ అది, ఈ పెట్రోలు దానికి ఎక్కువే. లెడ్ సబ్‌స్టిట్యూట్ సీసా ఎంత మంచిదైనా చేయగలిగింది ఆ రెండో పని ఒక్కటే, సీటును కాపాడడం. పికప్ పెరగదు, మైలేజీ పెరగదు, పొగ తగ్గదు. ఇవన్నీ జరుగుతాయని చెప్పి అమ్మేవాళ్ల దగ్గర కొనకండి.

లెడ్ పెట్రోలు రోజులే బాగుండేవని మా ఆటోనగర్‌లోనే కొందరు పెద్దవాళ్లు అంటుంటారు. వాళ్ల మీద గౌరవం ఉంది గానీ ఆ మాట నేను ఒప్పుకోను. మా మేనమామ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో సాయంత్రం చేతుల గ్రీజు పెట్రోలుతోనే కడుక్కునేవాళ్లం. ట్యాంకులోంచి పెట్రోలు తీయాలంటే గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చేవాళ్లం. టెట్రా ఇథైల్ లెడ్ చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళుతుందని మాకు చెప్పినవాళ్లు లేరు. 1924లోనే అమెరికాలోని న్యూజెర్సీలో దాన్ని తయారుచేసే చోట అయిదుగురు కార్మికులు మతి చెడి చనిపోయారు. అయినా ప్రపంచం దాన్ని వదిలించుకోవడానికి దాదాపు వందేళ్లు పట్టింది. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో లెడ్ లేని పెట్రోలు మొదలై, 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా అదే అయింది. అన్నిటికన్నా చివరగా అల్జీరియా 2021లో ఆపింది. పిల్లల మెదడుకు సీసం చేసే హాని విషయంలో ఇంతవరకు ఫర్వాలేదనే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నాలుగు పాత ఇంజన్ల సీట్ల కోసం ఆ పెట్రోలు తిరిగి రావాలని కోరుకోకూడదు. సీట్లు మార్చుకోవచ్చు.

ఇక ఎవరికి ఈ సీసా అక్కర్లేదో చెబుతాను. అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది.

గుంటూరు బ్రాడీపేట నుంచి రిటైరైన మాస్టారు ఒకరు వచ్చారు. పాత టూ స్ట్రోక్ బజాజ్ స్కూటర్, ఎంతో శుభ్రంగా ఉంచుకున్నారు. స్టెప్నీ కవర్ కూడా కంపెనీదే. డిక్కీలో 2టీ ఆయిల్ డబ్బా పక్కన లెడ్ సబ్‌స్టిట్యూట్ సీసా.

“ఇదెందుకు పోస్తున్నారు మాస్టారూ?”

“పాత బండి కదయ్యా, లెడ్ లేకపోతే వాల్వులు పోతాయన్నాడు షాపతను.”

టూ స్ట్రోక్ ఇంజన్‌లో టాపెట్ వాల్వులే ఉండవు. సిలిండర్ గోడకు ఉన్న పోర్టులను పిస్టనే తెరుస్తుంది, పిస్టనే మూస్తుంది. లేని వాల్వుకు, లేని సీటుకు ఆయన పింఛను డబ్బుల్లోంచి మందు కొన్నారు. ఆ స్కూటర్ మా షాపు ముందు నిలబడి ఉంటే నాకు నిజంగా కడుపు మండింది. రాజ్‌దూత్, లాంబ్రెట్టా, పాత జావా, పాత యెజ్డీ, పాత వెస్పా, ఇవన్నీ అంతే. వీటికి కావలసింది మంచి 2టీ ఆయిలు, సరైన పాళ్లలో. అంతే.

డీజిల్ బళ్లు ఇంకో రకం. డీజిల్ అంబాసిడర్‌లో కూడా ఇది పోస్తున్నవాళ్లున్నారు. డీజిల్‌లో సీసం ఎప్పుడూ కలపలేదు, కాబట్టి దాని బదులు కలపాల్సిందీ లేదు.

తర్వాత అల్యూమినియం హెడ్ ఉన్న ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు. అల్యూమినియం మెత్తన. వాల్వ్ దాని మీద నేరుగా పడితే కొద్ది రోజులు కూడా ఆగదు. అందుకే కంపెనీలోనే గట్టి లోహంతో చేసిన సీటు రింగులు విడిగా దించుతారు. మారుతి 800 అలాంటిదే. ప్రీమియర్ పద్మిని హెడ్ కూడా అల్యూమినియమే. బుల్లెట్‌దీ అంతే. రింగు లోహం ఒక్కో కాలంలో ఒక్కో రకంగా ఉండొచ్చు గానీ, పోత ఇనుము హెడ్‌లో సీటు అరిగి దిగిపోయినట్టు వీటిలో దిగిపోవడం నా బల్ల మీద నేను చూడలేదు. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండిలోనైతే ఇలాంటి మందు అసలు పోయకూడదు. ముఖ్యంగా ఫాస్ఫరస్ ఉన్నదైతే కన్వర్టర్‌ను పాడుచేస్తుంది.

మీ హెడ్ ఏ లోహమో తెలియకపోతే చిన్న అయస్కాంతం తీసుకుని హెడ్‌కు ఆనించండి. అతుక్కుంటే ఇనుము, లేకపోతే అల్యూమినియం. పెయింట్ వేసి ఉన్నా తెలిసిపోతుంది. ఈ ఒక్క పని చేస్తే సీసా కొనేవాళ్లలో సగం మంది మానుకుంటారని నా నమ్మకం.

మిగిలింది ఇనుము హెడ్ ఉన్న పెట్రోలు ఇంజన్లు. మన దగ్గర వాటిలో ముఖ్యమైనది పాత పెట్రోలు అంబాసిడర్. 1489 సీసీ ఇంజన్, బ్రిటన్‌లోని బీఎంసీ కంపెనీ డిజైన్. దాని హెడ్‌లో సీటు విడిగా ఉండదు, పోత ఇనుములోనే కోసి ఉంటుంది. దీని యజమాని భయపడడంలో అర్థం ఉంది.

తెనాలి నుంచి అలాంటి బండి ఒకటి వచ్చింది. తాతగారు కొన్న కారు, మనవడు బాగుచేయించుకుని హైదరాబాద్ దాకా తిప్పుతున్నాడు. టాపెట్లు సెట్ చేయించిన ప్రతిసారీ కొన్నాళ్లకే మళ్లీ టైటయిపోతున్నాయి. మెకానిక్ గ్యాప్ పెంచుతూ పోయాడే గానీ గ్యాప్ ఎక్కడికి పోతోందో చూడలేదు. హెడ్ దించి తెస్తే, మధ్య రెండు సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వులు చివరి రెండింటికన్నా బాగా లోతుకు దిగి ఉన్నాయి. వేలు పెట్టి తడిమితేనే తేడా తెలిసింది. ఈ ఇంజన్‌లో మధ్య రెండు సిలిండర్ల పొగ ఒకే దారిలోంచి బయటికి పోతుంది. వేడి అక్కడే ఎక్కువ, కాబట్టి సీటు ముందు అక్కడే పోతుంది. సీటు అంచు చూస్తే నున్నగా లేదు, చిన్న చిన్న గుంటలతో గరుకుగా ఉంది. ఆ అబ్బాయి కూడా సీసా పోస్తున్నాడు, కానీ గుర్తొచ్చినప్పుడు మాత్రమే, పైగా ఒకసారి ఒక రకం, ఇంకోసారి మరో రకం.

అలా పనిచేయదు. ఈ మందులు ఒకే జాతివి కావు. కొన్నిటిలో పొటాషియం, కొన్నిటిలో సోడియం, కొన్నిటిలో ఫాస్ఫరస్, కొన్నిటిలో మాంగనీస్ ఉంటాయి. ఒక దాంట్లో ఇంకొకటి కలపకూడదు. పోస్తే ప్రతి ట్యాంకుకీ, సీసా మీద రాసిన పాళ్లలోనే పోయాలి, ఎందుకంటే ఆ పూత ఎప్పటికప్పుడు మండే పెట్రోలుతోనే ఏర్పడాలి. ఎక్కువ పోస్తే ఎక్కువ మేలు కూడా కాదు. మాంగనీస్ రకం ఎక్కువైతే స్పార్క్ ప్లగ్ కొన మీద ఎర్రమట్టి రంగు పేరుకుంటుంది. దాన్ని తుప్పు అనుకుని ప్లగ్ పారేసినవాళ్లున్నారు. బ్రిటన్‌లో పాత వాహనాల సంఘాల సమాఖ్య అక్కడ లెడ్ పెట్రోలు ఆగేముందు ఇలాంటి మందులను ఇంజన్ల మీద పరీక్ష చేయించి, నిలిచిన కొన్నిటికే ఆమోదం ఇచ్చింది. అంటే సీసా మీద పేరు ఉన్నంత మాత్రాన లోపల పని చేసే సరుకు ఉన్నట్టు కాదు. మన దగ్గర ఆన్‌లైన్‌లో తెప్పించేవాటిలో కొన్నిటి మీద లోపల ఏముందో కూడా రాసి ఉండదు. అలాంటిది ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకండి.

ఇంకో మాట. ఇనుము హెడ్ ఉన్నా అందరికీ అవసరం పడదు. బండి ఊళ్లోనే పటమట నుంచి గవర్నర్‌పేట దాకా, గుడికీ పెళ్లికీ తిరిగేదైతే, ఇంజన్ వేడి ఆ స్థాయికి వెళ్లదు. దశాబ్దాలుగా లెడ్ లేని పెట్రోలు మీద నడుస్తూ టాపెట్ గ్యాప్ మారకుండా ఉన్న అంబాసిడర్లు నాకు తెలుసు. కొన్నిటికి ఎప్పుడో రింగులు కూడా వేసేసి ఉంటారు, ఇప్పటి యజమానికి తెలియదు. అందుకే ముందు చేయాల్సింది టాపెట్ గ్యాప్ ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకుల పనిముట్టు) కొలిపించి, రీడింగును కిలోమీటర్లతో సహా ఒక పుస్తకంలో రాసుకోవడం. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత మళ్లీ కొలిపించండి. ఎగ్జాస్ట్ గ్యాప్ అలాగే ఉంటే ఏ సీసా అక్కర్లేదు. తగ్గుతూ పోతుంటే సీటు దిగుతున్నట్టే. మంచి మెకానిక్‌కు ఇది అరగంట పని.

సీటు దిగుతున్నట్టు తేలితే, లాంగ్ డ్రైవ్‌లు చేసే ఉద్దేశం ఉంటే, నా సలహా రింగులు వేయించుకోవడమే. పని ఇలా జరుగుతుంది. పాత సీటు చుట్టూ బోరింగ్ మిషన్ మీద గుండ్రంగా కోస్తాం. లోతు ఎక్కువైతే నీళ్ల జాకెట్‌లోకి కత్తి పోతుంది, హెడ్ పనికి రాకుండా పోతుంది. కాబట్టి ఇది తొందరపెట్టే పని కాదు. రింగును గాడి కన్నా మూడు నాలుగు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెద్దదిగా తీసుకుని, హెడ్‌ను వేడి చేసి, రింగును బాగా చల్లబరిచి దించుతాం. రెండూ మామూలు వేడికి వచ్చేసరికి పట్టేస్తాయి. తర్వాత సీటు కోణం కోసి, వాల్వ్‌కు నీలం రంగు రాసి తిప్పి, ఆ నీలం సీటు చుట్టూ ఒకే వెడల్పున పడిందో లేదో చూస్తాం. ఎక్కడైనా తెగితే మళ్లీ రబ్బింగ్. చివర్లో పోర్టులో డీజిల్ పోసి కాసేపు ఉంచితే చుక్క కూడా దిగకూడదు. నీలం చూపించమని, డీజిల్ పోసి చూపించమని అడిగే హక్కు మీకుంది. చూపించనివాడి దగ్గర ఆ పని చేయించకండి. ఒక్కసారి ఇది సరిగ్గా జరిగితే ఇక జన్మలో లెడ్ గురించి టెన్షన్ లేదు.

గ్యాస్ కిట్లు పెట్టించిన పాత బళ్ల గురించి కూడా చెప్పాలి, విజయవాడలో ఇవి తక్కువేం కాదు. ఎల్‌పీజీ గానీ సీఎన్‌జీ గానీ పొడి ఇంధనం, సీట్లను పెట్రోలు కన్నా త్వరగా తింటుంది. ఆ బండి పెట్రోలు ట్యాంకులో సీసా పోస్తే ఏం లాభం? బండి నడిచేది గ్యాస్ మీద. ట్యాంకులో మందు ట్యాంకులోనే ఉంటుంది. వీటికి గట్టి రింగులు, ఎప్పటికప్పుడు టాపెట్ చెకింగ్, ఇవే దారి.

పాత బండి మీద ప్రేమతో ఖర్చు పెట్టాలనుకుంటే ఇవాళ దాన్ని ఇథనాల్ నుంచి కాపాడుకోవడానికి పెట్టండి. 2022 నాటికి పెట్రోల్లో 10 శాతం ఇథనాల్, 2023 ఫిబ్రవరిలో 20 శాతం రకం మొదలు, 2025కల్లా దాదాపు అన్ని బంకుల్లో అదే. పాత రబ్బరు గొట్టాలు, కార్క్ గాస్కెట్లు, పెట్రోల్ పంపు డయాఫ్రం దానికోసం చేసినవి కావు. ఉబ్బి, మెత్తబడి, చిట్లుతాయి. పెట్రోలు వేడి ఇంజన్ మీద కారితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. వానాకాలం అంతా షెడ్డులో కదలకుండా ఉన్న బండి ట్యాంకు అడుగున నీళ్లు చేరి, కార్బురేటర్ బౌల్‌లో తెల్లటి పొడి పేరుకుని వస్తోంది. లెడ్ సబ్‌స్టిట్యూట్‌కు దీంతో ఏ సంబంధమూ లేదు. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు, గాస్కెట్లు వేయించండి. నెలల తరబడి ఆపేటప్పుడు ట్యాంకూ కార్బురేటరూ ఖాళీ చేయించండి. మిశ్రమం పల్చబడి ఇంజన్ ఎక్కువ వేడెక్కుతుంటే జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం) ఒక సైజు పెంచమని కార్బురేటర్ మనిషిని అడగండి. ఆ వేడి తగ్గితే వాల్వ్ సీటుకూ మంచిదే.

స్పేర్ పార్ట్స్ షాపుల సోదరులను ఒకటి కోరుతున్నాను. సీసా అడిగిన మనిషిని బండి ఏది, హెడ్ ఏది, గ్యాసా పెట్రోలా అని అడిగి అమ్మండి. టూ స్ట్రోక్ అన్నవాళ్లకు అక్కర్లేదని చెప్పి పంపండి. ఆ ఒక్క అమ్మకం పోయినా ఆ మనిషి మళ్లీ మీ దగ్గరికే వస్తాడు. తయారీదార్లు, దిగుమతిదార్లు ఇందులో ఏముంది, లీటరుకు ఎంత కలపాలి, ఏ బళ్లలో పోయకూడదు అన్నది తెలుగులో సీసా మీద అచ్చువేయాలి. కొనేవాళ్లలో నాలాగే తెలుగు ఒక్కటే చదువుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు.

ఐటీఐ ముగించి నా దగ్గర పనికి చేరుతున్న పిల్లలకు స్కానర్ పెట్టడం వచ్చు, ఫీలర్ గేజ్ పట్టుకోవడం రాదు. వాళ్ల తప్పు కాదు, ఆ పని చేయాల్సిన బళ్లు వాళ్లు చూడలేదు. పాత బళ్లను ఉంచుకోవాలనే కోరిక జనంలో పెరుగుతున్నప్పుడు, ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో ఈ పాఠం నాలుగు రోజులైనా చెప్పించమని అధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను. చెప్పడానికి ఆటోనగర్‌లో మాలాంటివాళ్లం ఉన్నాం. పిలిస్తే కోసిన హెడ్ ఒకటి, అరిగిన వాల్వులు కొన్ని పట్టుకుని వస్తాం. డబ్బు అక్కర్లేదు.

ఈ ఉత్తరం మొత్తం వేయడానికి చోటు లేకపోతే అయస్కాంతం ముక్క, టూ స్ట్రోక్ ముక్క, గ్యాస్ ముక్క, ఈ మూడు మాత్రం తప్పకుండా వేయండి.

ఇట్లు,
హెడ్ పని మెకానిక్,
జవహర్ ఆటోనగర్, విజయవాడ